మన మాటలో వాక్యం నేర్పిన బడి

నల్లగొండ, సూర్యాపేట వైపు నుండి పట్నం వచ్చే మన పాఠకులకు చాదర్‌ఘాట్ కొత్త చోటు కాదు. బస్సు మలక్‌పేట దాటి చాదర్‌ఘాట్ చేరిందంటే సంచులు చేతికి తీసుకొని లేచి నిలబడతాము. మూసీ వంతెన, ఆ పక్కనే మహాత్మా గాంధీ బస్ స్టేషన్, అక్కడినుండి కోఠీ, అబిడ్స్, నాంపల్లి. కోర్టు పనికో, ఆస్పత్రికో, పిల్లల కాలేజీ ఫీజుకో వచ్చే మనకు పట్నానికి గుమ్మం అదే.

ఒకప్పుడు చాదర్‌ఘాట్ అంటే ఆ ఒక్క కూడలి కాదు. మూసీకి ఉత్తరాన, ఇంగ్లీషు రెసిడెంటు బంగళా చుట్టూ పెరిగిన ఊరినంతా ఆ పేరుతోనే పిలిచేవారు. 1886లో దానికి వేరే మునిసిపాలిటీ ఏర్పడింది. 1933లో గాని అది హైదరాబాదు మునిసిపాలిటీలో కలిసిపోలేదు. అబిడ్స్‌లో నేటికీ నిలిచివున్న సెయింట్ జార్జి చర్చి ఆ రోజుల్లో ముఖ్యంగా దొరల ఆరాధన స్థలం. అందులో ఆరాధన ఇంగ్లీషులో జరిగేది. అదే కాలంలో మూసీకి దక్షిణాన, తూర్పున ఉన్న తెలుగు పల్లెల్లో వాక్యం విన్నవారు మాత్రం తెలుగులోనే విన్నారు. చెప్పినవారు మన మాల, మాదిగ గూడాలలో పుట్టిపెరిగిన బోధకులు. వారికి తెలుగులో వాక్యం నేర్పించిన బడులు ఏవి? ఈ నెల మేము రాయదలచినది వాటిలో మొదటిదైన ఒక బాప్టిస్టు బడి సంగతి, దాని కథ నడుస్తూ నడుస్తూ చివరికి మన హైదరాబాదు చేరిన సంగతి.

ఆ బడి పుట్టింది ఇక్కడ కాదు, నెల్లూరుకు ఉత్తరాన, కావలి దాటిన తరువాత సముద్రపు ఒడ్డున ఉన్న రామాయపట్నంలో. దొరలు రాసిన పుస్తకాల్లో రామపట్నం అని కనబడుతుంది. 2022లో ఓడరేవు పనులు ప్రారంభమైన తరువాత ఆ ఊరి పేరు పత్రికల్లో తరచుగా వినబడుతోంది. మన పెద్దలకు మాత్రం ఆ పేరు వేరే కారణం చేత తెలుసు. “మా తాత రామాయపట్నంలో చదివాడు” అనే మాట ఒంగోలు మొదలుకొని పాలమూరు దాకా ఎన్నో కుటుంబాల్లో వినబడుతుంది.

వెనకటి సంగతి

అమెరికన్ బాప్టిస్టు మిషను తెలుగు దేశంలో పని ప్రారంభించినది 1836లో. శామ్యూల్ డే దొరగారు విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరు చేరారు. ఎన్నో ఏళ్ళు గడిచినా కోత మాత్రం కనబడలేదు. ఈ మిషను ఎత్తివేద్దామా అని అమెరికాలోని పెద్దలు ఒకసారి కాదు, పలుమార్లు చర్చించుకున్నారు. 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో దానికి ‘ఒంటరి నక్షత్రము’ అనే పేరు వచ్చినది ఆ చర్చ మీదనే. మరుసటి సంవత్సరం, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు మోకరించి ప్రార్థన చేశారు. జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు మన తెలుగువారు, ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. ఈ సంగతి మన ప్రసంగాల్లో చెప్పేటప్పుడు జ్యూయెట్ దొరగారి పేరు దగ్గరే ఆగిపోతూ ఉంటాము.

1865లో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు వచ్చారు. 1866లో తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందాడు. పేరయ్య మాదిగ కులస్థుడు. గురువుల దగ్గర యోగం నేర్చినవాడు, దేవుణ్ణి వెదకుతూ తిరిగినవాడు. తోళ్ళ వ్యాపారం మీద గోదావరి ప్రాంతానికి వెళ్ళినప్పుడు తొలిసారి సువార్త విన్నాడు. ఆయన వెనుక గుంపులు గుంపులుగా జనం వచ్చారు. వారిని చేర్చుకుంటే మేము రాము అని పైకులాలవారు పట్టుపట్టారు, బడికి పంపిన తమ పిల్లలను తీసుకుపోతామన్నారు. ఏమి చేయాలో తోచక క్లౌ దొరగారు ఒక గదిలో, ఆయన భార్య మరొక గదిలో బైబిలు తెరిచారట. ఇద్దరికీ ఎదురుగా వచ్చినది ఒకే భాగం, మొదటి కొరింథీయులకు మొదటి అధ్యాయం, 26 నుండి 29 వచనాలు. పాఠకులు ఆ వచనాలు తీసి చదువుకొనగలరు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది.

ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. సాధారణంగా ఇక్కడినుండి మనము ఒక్క గంతు వేసి 1878 నాటి గుండ్లకమ్మ బాప్తిస్మముల దగ్గరికి వెళ్ళిపోతాము. నడుమ జరిగిన పని ఒకటుంది. అది లేకుంటే గుండ్లకమ్మ ఒడ్డున నిలబడి బాప్తిస్మము ఇచ్చేవారే ఉండేవారు కారు.

టింపనీ దొరగారు పెట్టిన బడి

పేరయ్య లాంటివారు ఏ సెమినరీ గడప తొక్కకముందే బోధకులయ్యారు. నోటికి వచ్చిన వాక్యభాగాలు, తాము ప్రభువును కనుగొన్న సాక్ష్యం, పాడే గొంతు, ఇవే వారి ఆస్తి. పల్లెలు పదులుగా ఉన్నప్పుడు అది చాలింది. వందలైనప్పుడు చాలలేదు. కొత్తగా నమ్మినవారు ప్రశ్నలు వేసేవారు. పోలేరమ్మ జాతరలో డప్పు కొట్టవచ్చునా? చచ్చిన పశువు మాంసం తినవచ్చునా? ఇద్దరు భార్యలున్నవాడికి బాప్తిస్మము ఇవ్వవచ్చునా? ఆదివారం కోతకు రాకుంటే ఆసామి కూలి ఇవ్వనంటున్నాడు, ఏమి చేయాలి? వీటికి జవాబు చెప్పేందుకు సాక్ష్యం ఒక్కటే సరిపోదు, వాక్యమంతా తెలిసి ఉండాలి.

కెనడా నుండి వచ్చిన ఎ.వి. టింపనీ దొరగారు 1870లో రామాయపట్నంలో మిషను స్థానం తెరిచారు. 1872లో అక్కడ బోధకుల కోసం వేదాంత పాఠశాల మొదలైంది. దానికి తరువాత బ్రౌన్సన్ తెలుగు వేదాంత పాఠశాల అని పేరు. ఆ పేరులోని ‘తెలుగు’ అనే మాటను పాఠకులు గమనించాలి. ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగానికైనా, కోర్టు పనికైనా, పై చదువుకైనా దారి ఇంగ్లీషే. రామాయపట్నం బడి మాత్రం పాఠం చెప్పేది, పరీక్ష పెట్టేది తెలుగులోనే. దొరలే ముందు తెలుగు నేర్చుకొని, ఆపైన ఆ తెలుగులో బోధించవలసి వచ్చింది. కష్టం గురువులది, శిష్యులది కాదు. ఈ ఒక్క నిర్ణయం మీదనే ఆ బడి అంతా నిలబడింది అని మా అభిప్రాయం.

ఎందుకంటే వచ్చిన శిష్యులు ఎవరు? ఊరి బడి అరుగు కూడా ఎక్కనివ్వని కులాలవారు. చాలామంది పెళ్ళై, పిల్లలున్నవారు. అక్షరాలు కూడా పెద్ద వయసులోనే దిద్దుకున్నవారు. అటువంటివారికి ఇంగ్లీషు నేర్పి, దానిమీద వేదాంతం నేర్పాలంటే పదేళ్ళు పట్టేది. ఆ పదేళ్ళ తరువాత వారిలో ఎందరు పల్లెకు తిరిగి వెళ్ళేవారో మనకు తెలియనిది కాదు. తెలుగులో కాబట్టి కొద్ది సంవత్సరాల్లోనే వారు పాత నిబంధన, కొత్త నిబంధన చదివి, ప్రసంగం తయారు చేసుకోవడం నేర్చి, మళ్ళీ తమ పల్లెలకే వెళ్ళారు. వారి మాట తీరు మారలేదు. గూడెంలో చెట్టు కింద కూర్చుని మాట్లాడితే అవ్వలకు కూడా అర్థమైంది.

మరొక సంగతి. విద్యార్థులు కుటుంబాలతో వచ్చేవారు గనుక వారి భార్యలు కూడా ఆ ఆవరణలో చదువుకున్నారు. పల్లెకు తిరిగి వెళ్ళినప్పుడు ఒక్క బోధకుడు వెళ్ళలేదు, చదవగలిగిన ఇద్దరు వెళ్ళారు. బోధకుడు పక్క గ్రామాలకు పోయిన రోజుల్లో ఇంటి వసారాలో పిల్లలకు అక్షరాలు దిద్దించినది, స్త్రీల ప్రార్థన కూటం నడిపినది ఆ ఇల్లాలే. మన కుటుంబాల్లో మూడు తరాల కిందనే చదువుకున్న అమ్మమ్మలు, నానమ్మలు ఉండడానికి ఇది ఒక కారణం. వారి పేర్లు ఏ రిపోర్టులోను సరిగా కనబడవు. ‘ఫలానా బోధకుని భార్య’ అనే కనబడుతుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1872లో క్లౌ దొరగారు సెలవు మీద అమెరికా వెళ్ళినప్పుడు విశ్రాంతి తీసుకోనివ్వకుండా మిషను పెద్దలు ఆయనకు ఒక పని అప్పగించారు, రామాయపట్నం సెమినరీకి 50,000 డాలర్ల ధర్మనిధి సమకూర్చడం. ఆయన సంఘం వెంట సంఘం తిరిగి, రెండేళ్ళకు తిరిగి వచ్చేటప్పటికి ఆ పని పూర్తి చేశారు. అది బడిని కరువు కాలంలో కూడా నిలబెట్టింది, కాదనలేము. అయితే మూలధనం సముద్రం అవతల ఉన్నందువల్ల మన సంఘాలకు ‘బడి మనది, మనమే పోషించాలి’ అనే తలంపు ఆలస్యంగా వచ్చింది. ప్రతిపూట పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం సంఘం కుండలో వేసిన మన అమ్మలు సెమినరీకి కూడా ఒక కుండ పెట్టేవారే, ఎవరైనా అడిగి ఉంటే.

టింపనీ దొరగారి తరువాత ఆర్.ఆర్. విలియమ్స్, డబ్ల్యు.బి. బాగ్స్, జేకబ్ హైన్రిక్స్ వంటి దొరలు ఆ పాఠశాల బాధ్యత వహించారు.

కరువు, కాలువ, గుండ్లకమ్మ

1876 నుండి 1878 వరకు దక్షిణ దేశాన్ని పట్టిన ధాత కరువు సంగతి మన తాతల తాతలు చెప్పిన కథల్లో ఉంది. జనం గంజి కోసం రోడ్ల వెంట నడిచి నడిచి పడిపోయారు. అప్పుడు క్లౌ దొరగారు సర్కారు దగ్గర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని ఇచ్చారు. ఆ పని మీద మేస్త్రీలుగా నిలబడినవారు మన బోధకులు. పగలంతా మట్టి కొలిచి, కూలి లెక్క చూసి, అలసి కూర్చున్నవారి మధ్య కూర్చొని మత్తయి సువార్త పదకొండవ అధ్యాయం చివరి వచనాలు చెప్పేవారు. ప్రయాసపడి భారము మోసే జనానికి దానికంటె అర్థమయ్యే వాక్యభాగం మరొకటి ఉంటుందా?

సహాయం పంచుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని క్లౌ దొరగారి ఉద్దేశం. (ఆ మాట ఎలాగైనా వచ్చింది, నేటికీ వస్తూనే ఉంది. చెప్పేవారు ఈ ఆపిన నెలల సంగతి చెప్పరు.) కరువు సడలిన తరువాత ఆపడం సాధ్యం కాలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. బాప్తిస్మము ఇచ్చినవారు దొరలు కారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున నీటిలో దిగి, అలసినప్పుడు మరొక ఇద్దరు దిగి, ఉదయం మొదలు సాయంత్రం వరకు ఆ పని చేశారు. ఆ సంవత్సరం చివరికి ఒంగోలు సంఘ సభ్యుల సంఖ్య 12,000 దాటింది.

ఇప్పుడు ఆలోచించండి. పన్నెండు వేల మంది, వందల పల్లెలు. ఒక్కొక్క బోధకునికి నాలుగేసి, ఐదేసి ఊళ్ళు. నీటిలోనుండి లేచిన మనిషికి మరునాటినుండి ఎవరు నేర్పాలి? రామాయపట్నం బడికి అసలైన పరీక్ష అప్పుడు వచ్చింది. ఎంతమందిని పంపినా చాలలేదు. ఉత్తరాన కెనడా బాప్టిస్టు మిషనులో కూడా ఇదే అక్కర ఏర్పడి, 1882లో జాన్ మెక్‌లారిన్ దొరగారు సామర్లకోటలో మరొక సెమినరీ ప్రారంభించారు. అది తరువాత కాకినాడకు మారింది. ఈ మెక్‌లారిన్, ఆ టింపనీ ఇద్దరూ కెనడావారే, ఇద్దరూ మొదట అమెరికన్ మిషనులో పనిచేసినవారే. ఒకే పాదు నుండి రెండు తీగలు పాకినట్లు అయింది.

తెలంగాణకు

నిజాం రైలు సికింద్రాబాదుకు వచ్చినది 1874లో. మరుసటి సంవత్సరం, 1875లో, డబ్ల్యు.డబ్ల్యు. క్యాంప్‌బెల్ దొరగారు సికింద్రాబాదులో అమెరికన్ బాప్టిస్టు మిషను పని ఆరంభించారు. 1879లో హనుమకొండ, 1885లో పాలమూరు, 1890లో నల్లగొండ, ఆ తరువాత సూర్యాపేట, జనగామ. రైలు లేని చోట్లకు బండి మీద, బండి పోని చోట్లకు కాలినడకన పోయారు. దొరలు వచ్చిన సంవత్సరాలు మనకు రాసిపెట్టి ఉన్నాయి. వారి వెంట కోస్తా ప్రాంతం నుండి భార్యాబిడ్డలతో, నెత్తిన మూటలతో వచ్చిన బోధకులవి లేవు. ఇక్కడి భాషలో ఉర్దూ మాటలు కలిసి ఉండేవి, యాస వేరు, దేశ్‌ముఖుల వెట్టి వేరు. అయినా మాట తెలుగే గనుక వారు ఇక్కడ పరాయివారు కాలేదు.

నల్లగొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ దొరగారి కథ వేరే. ఆయన అమెరికావాడు కాడు, రష్యా రాజ్యంలో జర్మను మాట్లాడే మెన్నొనైట్ బ్రదరెన్ సంఘస్థుడు. జర్మనీలో హాంబర్గు పట్టణంలోని బాప్టిస్టు సెమినరీలో చదివాడు, ఆ చదువు జర్మను భాషలోనే సాగింది. తరువాత అమెరికా నుండి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనెరీలు నాగర్‌కర్నూలు మొదలైన చోట్ల పని ప్రారంభించారు. 1920లో డి.ఎఫ్. బెర్గ్‌తోల్డ్ దొరగారు నాగర్‌కర్నూలులో తెలుగు బైబిలు పాఠశాల పెట్టారు. 1946లో అది శంషాబాదుకు మారింది, నేడు సెంటినరీ బైబిలు కళాశాల అని దాని పేరు. 1937లో పాలమూరు, గద్వాల ప్రాంతాలను అమెరికన్ బాప్టిస్టులు మెన్నొనైట్ బ్రదరెన్ వారికి అప్పగించారు. అందుచేత పాలమూరు జిల్లాలో ఒకే ఊరి సంఘానికి ముత్తాత కాలంలో రామాయపట్నం బోధకుడు, తండ్రి కాలంలో శంషాబాదు బోధకుడు కాపరిగా ఉండడం జరిగింది. రెండు మిషనులు వేరు, నేర్పిన మాట ఒకటే.

ఇదే పని, వేరే దేశాల్లో

సంఘపు భాషలోనే కాపరికి చదువు చెప్పాలి అనే ఆలోచన మన దేశంలోనే పుట్టినది కాదు. అమెరికాకు వలస వెళ్ళిన జర్మనుల కోసం 1850లలోనే రోచెస్టర్ సెమినరీలో జర్మను విభాగం ఏర్పడింది. అగస్ట్ రౌషెన్‌బుష్ అనే పండితుడు అనేక సంవత్సరాలు దానికి పెద్దగా ఉన్నాడు. ఆయన కుమార్తె ఎమ్మా 1882లో మన తెలుగు మిషనుకు వచ్చింది, 1894లో క్లౌ దొరగారిని వివాహమాడింది. మాదిగ క్రైస్తవుల తొలి రోజుల కథను పుస్తకంగా రాసినది ఆమెయే. తండ్రి జర్మను రైతుల పిల్లలను వారి భాషలో కాపరులుగా తయారు చేశాడు, కుమార్తె తెలుగు పల్లెల్లో అదే రీతిగా తయారైన కాపరుల కథలు రాసింది. ఈ బంధుత్వం తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది.

స్పానిషు మాట్లాడే సంఘాల సంగతి కూడా అంతే. మెక్సికో నుండి వచ్చి తోటల్లో, రైలు పట్టాల మీద కూలి చేసేవారి కోసం అమెరికన్ బాప్టిస్టులు 1921లో లాస్ ఏంజిల్స్‌లో స్పానిషు సెమినరీ ప్రారంభించారు. టెక్సాసులోని సాన్ ఆంటోనియోలో 1947లో మరొక బాప్టిస్టు బైబిలు బడి మొదలై, పేర్లు మార్చుకుంటూ విశ్వవిద్యాలయంగా ఎదిగింది. లాస్ ఏంజిల్స్ బడి 1960లలో మూతపడింది. జర్మను విభాగం 1949లో రోచెస్టర్ విడిచి వేరే ఊరికి వెళ్ళింది, దాని చదువు ఇంగ్లీషులోకి మారిపోయింది. అందుకు కారణం ఉంది. మనుమల తరానికి వచ్చేసరికి జర్మను సంఘాలవారే ఇళ్ళలో ఇంగ్లీషు మాట్లాడసాగారు. బడి సంఘం వెంట నడిచింది.

మన దగ్గర జరిగినది దీనికి తలకిందులు. సంఘం తెలుగులోనే ఉండిపోయింది, బడి ఇంగ్లీషు వైపు నడిచింది.

రాజమండ్రి మీదుగా హైదరాబాదు

స్వాతంత్ర్యం తరువాత మిషనెరీల సంఖ్య తగ్గింది. ఒక్కొక్క మిషను ఒక్కొక్క చిన్న సెమినరీ నడుపుకొనడం కంటె అందరూ కలిసి ఒక మంచి కళాశాల పెట్టుకొనడం మేలు అనే తలంపు బలపడింది. 1964లో రామాయపట్నం బాప్టిస్టులు, రాజమండ్రి లూథర్‌గిరి లూథరనులు, డోర్నకల్ దక్షిణ ఇండియా సంఘంవారు తమ వేదాంత చదువులను ఏకం చేసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను స్థాపించారు. 1973లో అది హైదరాబాదుకు తరలి వచ్చింది. లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డులో, గాంధీనగర్ దగ్గర నేటికీ ఉంది. చాదర్‌ఘాట్‌లో దిగి సిటీ బస్సు ఎక్కితే దూరమేమీ కాదు. తరువాత సి.ఎస్.ఐ. మోడరేటరు అయిన విక్టర్ ప్రేమసాగర్ గారు అక్కడ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. రాష్ట్రం 2014లో రెండైనా కళాశాల పేరులో ‘ఆంధ్ర’ అలాగే ఉంది.

ఆ ఏకం కావడంలో మేలు చాలా ఉంది. బాప్టిస్టు కుర్రవాడు లూథరను కుర్రవాడితో ఒకే గదిలో పడుకొని, ఒకే బల్ల మీద అన్నం తిన్నాడు. తాతల కాలంలో ‘చిలకరింపా, ముంచడమా’ అని వాదులాడుకున్నవారి మనుమలు కలిసి ప్రార్థించారు. హీబ్రూ, గ్రీకు నేర్చుకున్నారు. దొరలు లేకుండా మన పండితులే మన బడి నడపగలరని రుజువైంది. సెరంపూరు విశ్వవిద్యాలయం పట్టా కూడా దొరికింది. కేరీ మొదలైనవారు 1818లో స్థాపించిన ఆ కళాశాలకు వేదాంత పట్టాలిచ్చే అధికారం 1827 నాటి డేనిషు రాజు శాసనం ద్వారా వచ్చింది. అదే 1818లో కేరీ అచ్చులో తెలుగు కొత్త నిబంధన కూడా వెలువడింది. ఆ సెరంపూరు బి.డి. చదువు మన కుర్రవాళ్ళు చదివేది ఇంగ్లీషులో.

ఇంగ్లీషును మేము తప్పుపట్టడం లేదు. మంచి గ్రంథాలు అందులో ఉన్నాయి. కేరళవారితో, మిజోరంవారితో మాట్లాడాలంటే అది కావాలి. పల్లె నుండి, తెలుగు మీడియం బడి నుండి వచ్చిన దళిత విద్యార్థికి ఆ భాషను దూరం చేయడం కూడా అన్యాయమే. పైకులాలవారి పిల్లలు ఇంగ్లీషు చదువుతూ, మన పిల్లలు మాత్రం తెలుగుతో సరిపెట్టుకోవాలా అని అడిగేవారికి మా దగ్గర ఎదురు మాట లేదు.

కాని మరొక పక్క చూడండి. తెలుగు మీడియంలో చదివి, ప్రభువు పిలుపు విని వచ్చిన కుర్రవాడు మొదటి సంవత్సరమంతా నిఘంటువుతో కుస్తీ పడతాడు. పాఠం ఇంగ్లీషులో విని, రాత్రి తెలుగులో ఆలోచించి, ఉదయం ఇంగ్లీషులో పరీక్ష రాస్తాడు. బయటికి వచ్చి పల్లె సంఘంలో నిలబడినప్పుడు, నేర్చుకున్నది చెప్పడానికి తెలుగు మాట దొరకక నాలుక తడబడుతుంది. ‘కాంటెక్స్టు’, ‘లిబరేషను’ అనే మాటలు వింటూ ముందు వరసలోని అవ్వ కొంగు సర్దుకుంటుంది. రెండేళ్ళ తరువాత ఆ కుర్రవాడే పట్నంలో పెద్ద సంఘానికి బదిలీ అడుగుతాడు. వాణ్ణి తప్పుపట్టలేము. జీతం, పిల్లల చదువు అక్కడే. పల్లె సంఘం మళ్ళీ కాపరి లేక నెలకొక్కసారి ప్రభురాత్రి భోజనంతో సరిపెట్టుకుంటుంది. మిగిలిన ఆదివారాల్లో ఏ సెమినరీ ముఖం చూడని ఒక పెద్ద, కళ్ళజోడు సవరించుకుంటూ వాక్యం చదివి, తన బ్రతుకులోని సంగతి చెప్తాడు. పేరయ్య కాలం తిరిగి వచ్చినట్లు ఉంటుంది.

1872లో కష్టం గురువుల మీద పెట్టారు అని పైన రాశాము. దొరలు తెలుగు నేర్చుకొని చెప్పారు. ఇప్పుడు చెప్పేవారూ తెలుగువారే, వినేవారూ తెలుగువారే. నడుమ ఇంగ్లీషు పుస్తకం ఉంది. మంచి వేదాంత గ్రంథాలు తెలుగులో రాయడం, ఉన్నవాటిని మళ్ళీ అచ్చు వేయించడం, పల్లెలోనే ఉండి చదువుకొనగోరే పెద్ద వయసువారికి వేసవిలో తెలుగు తరగతులు పెట్టడం, ఇవి ఏ ఒక్క కళాశాల భుజాన వేయదగిన పనులు కావు. సంఘాలు అడగాలి, అడిగినదానికి పిడికెడు బియ్యం తీయాలి.

ఈ వ్యాసం కోసం చదువుతున్నప్పుడు ఒక కొరత మమ్మల్ని అడుగడుగునా బాధించింది. దొరలు ఏ ఓడ ఎక్కారో, ఏ తేదీన దిగారో పుస్తకాల్లో ఉంది. రామాయపట్నంలో చదివిన మన బోధకుల పేర్లు, వారి ఊళ్ళు, వారి భార్యల పేర్లు చాలావరకు లేవు. అవి ఉన్నది మన ఇళ్ళలోనే, పాత బైబిళ్ళ మొదటి పేజీల్లో, ట్రంకు పెట్టె అడుగున మడిచిన సర్టిఫికెట్లలో, ఎనభై దాటిన అత్తమ్మల జ్ఞాపకాల్లో. పాఠకుల్లో ఎవరి ఇంటిలోనైనా అటువంటి పెద్దలు ఉంటే ఈ నెలలోనే వారి దగ్గర కూర్చొని, వారు చెప్పినది చెప్పినట్లుగా ఒక నోటుబుక్కులో రాయించండి. బోధకుని పేరు, ఊరు, ఏ ఏ పల్లెల్లో సేవ చేశారు, ఆయన భార్య పేరు. భార్య పేరు తప్పక రాయించండి. ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి మీ సంఘపు బీరువాలో ఉంచి, వీలైతే మూడవది మాకు పంపండి.